అనుభవవాక్యం – ప్రమాణం: కృష్ణపట్నం వీడియోలు లేవనెత్తిన నైతిక ప్రశ్న

2021 మే నెలలో, కరోనా రెండో ఉద్ధృతి రోజుల్లో, నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని తీరగ్రామం కృష్ణపట్నం దేశమంతటా చర్చకు వచ్చింది. ఆ గ్రామానికి చెందిన బొనిగి ఆనందయ్య ఇస్తున్న మందుతో తమకు నయమైందని చెప్పినవారి వీడియోలు సామాజిక మాధ్యమాల్లో వ్యాపించాయి. మే 21న వేలాదిమంది తరలిరాగా పంపిణీ ఆగింది. కంటిలో చుక్కలు వేయగానే తేరుకున్నానని ఒక వీడియోలో చెప్పిన రోగి, కొద్ది రోజులకే నెల్లూరులో చికిత్స పొందుతూ మరణించారు. ఇటువంటి వీడియోను పంచుకోవడం దోషమా? మాధ్యమ నిర్వాహకులు దానిని తొలగించడం న్యాయమా? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ రోగి మాటను అసత్యమనడానికి వీలులేదు. తనకు కలిగిన ఉపశమనాన్నే ఆయన చెప్పారు. న్యాయదర్శనం ఆప్తుని మాటను శబ్దప్రమాణంగా అంగీకరిస్తుంది. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్లు చెప్పదలచినవాడే ఆప్తుడని వాత్స్యాయన భాష్యం వివరిస్తుంది. ఈ లక్షణం ఋషులకూ మ్లేచ్ఛులకూ సమానమేనంటుంది. ఈ దృష్టితో చూస్తే తన ఉపశమనం విషయంలో రోగి ఆప్తుడే. ఆ ఉపశమనానికి కారణం ఏమిటన్న విషయంలో మాత్రం కాడు. కారణం ఆయనకు సాక్షాత్తుగా తెలిసినది కాదు, ఊహించినది.

‘నాకు తగ్గింది’ అన్న వాక్యం ‘దీనితో తగ్గుతుంది’ అన్న వాక్యంగా మారేచోటే దోషం ప్రవేశిస్తుంది. ఆ మార్పు తరచుగా చేసేది రోగి కాదు. శీర్షిక పెట్టినవారు, ముందుకు పంపినవారు. కనుక బాధ్యతలో అధికభాగం వారిదే. భయంతో బంధువుకు పంపిన ఇంటివారికీ, లక్షలమందికి చూపే ఛానెల్ నిర్వాహకునికీ బాధ్యత సమానం కాదు. మాట చేరే దూరాన్ని బట్టి బాధ్యత పెరుగుతుంది.

తొలగింపు సంగతి మరింత జటిలం. ఆరోగ్య సంస్థల సూచనలకు విరుద్ధమైన కరోనా వీడియోలను తొలగించే నియమాన్ని యూట్యూబ్ 2020లో తెచ్చింది. శ్వాస అందని రోగి ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తే ప్రాణమే పోతుంది గనుక ఆ నియమానికి బలమైన ఆధారముంది. అయితే ప్రాణవాయువు, పడకల కోసం అంతర్జాలంలో మొరపెట్టుకునే పౌరులను అణచివేయరాదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 30న హెచ్చరించింది. ఆ మొర, ఈ మందు వీడియో ఒకే నిస్సహాయత నుంచి పుట్టినవి. అధికారిక వాక్యానికి భిన్నమైన ప్రతిదాన్నీ చెరిపివేస్తే ఆ నిస్సహాయతకు సాక్ష్యం కూడా చెరిగిపోతుంది.

మధ్యేమార్గం అసాధ్యం కాదు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను నిలిపి ఉంచి తక్కినవాటిలో కొన్ని మందులకు అనుమతినిచ్చింది. అంటే మొత్తాన్ని ఆమోదించనూ లేదు, నిషేధించనూ లేదు. అనేకసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క సంభాషణకే పంపేలా వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో పరిమితి విధించింది. అది మాటను చెరపలేదు, వేగాన్ని తగ్గించింది. వినడానికీ నమ్మడానికీ నడుమ విచారణకు వ్యవధి కల్పించడమే అందులోని నైతికత.

యూట్యూబ్ తన కరోనా నియమాలను 2024 డిసెంబరులో ఉపసంహరించుకుంది. సంస్థల నియమాలు కాలంతో మారుతాయి. పంచుకున్నవారి ధర్మం మాత్రం వాటితో ముగియదు. కోలుకున్నాడన్న వార్తను ఎంతమందికి పంపారో, ఆ మనిషి మరణవార్తను అంతమందికీ చేర్చవలసిన బాధ్యత వారిపై ఉంది. ఆ రెండో వార్త లేనిదే మొదటి వార్త సాక్ష్యంగా పూర్తి కాదు.