బీడునేలకు విలువ కట్టుట

వస్తువునకు గల విలువ ఆ వస్తువునందే యున్నదా, లేక దానిని కోరువాని ప్రయోజనమునం దున్నదా యను ప్రశ్న మన దర్శనకారులకు క్రొత్తది కాదు. అయినను ఆ ప్రశ్నకు అంకెలతో సమాధానము చెప్పబూనిన క్రీడ యొకటి మన కాలమున గలదు. సిడ్ మైయర్ పేరు మీద 1991లో వెలువడి, పలు కూర్పులుగా నేటికిని సాగుచున్న ‘సివిలైజేషన్’ అను కంప్యూటరు క్రీడలో ఆటగాడు ఒక జాతికి అధిపతియై, ప్రాచీనయుగము మొదలుకొని నగరములు కట్టి, పొలములు దున్నించి, యుద్ధములు నడపి, అంతరిక్షయుగము దాక తన జాతిని కొనిపోవలెను. అందు భూమండలమంతయు గడులుగా విభక్తమై యుండును. ఏ గడి యెంత ఆహారమిచ్చునో, ఎంత ఉత్పత్తినిచ్చునో నేల జాతిని బట్టి ముందే నిర్ణయమై యుండును.

2010లో వచ్చిన ఐదవ కూర్పునే గ్రహింతము. పచ్చికనేల 2 పాళ్ళ ఆహారమిచ్చును. మైదానము 1 పాలు ఆహారమును, 1 పాలు ఉత్పత్తిని ఇచ్చును. శీతలమైన టండ్రా 1 పాలు ఆహారము మాత్రమే ఇచ్చును. ఎడారియు మంచునేలయు ఏమియు నియ్యవు. పౌరుడొక్కడు వంతునకు 2 పాళ్ళు భుజించును గనుక, పచ్చికనేలపై పాటుపడువాడు తన కూడు తాను సంపాదించుకొనును. టండ్రాలో నున్నవానికి సగము కూడు ఇతరులు పెట్టవలెను. ఎడారికి పంపబడినవానిని ఊరు పూర్తిగా పోషింపవలెను. ఇంతవరకే చూచినవాడు ఎడారికంటె టండ్రాయే మేలని తీర్పు చెప్పుట సహజము. కాని ఆటలో చేయి తిరిగినవాడు తొందరపడడు. ఏటియొడ్డు ఎడారి వరదమైదానమై పచ్చికనేలతో సరితూగును. జీవశాస్త్రవిద్య యలవడిన పిదప ఆ ఇసుక క్రిందనే చమురు బయల్పడవచ్చును. 2012 నాటి అనుబంధమున చేరిన ‘పెట్రా’ అను అద్భుతమును కట్టిన నగరమునకు దాని యెడారి గడులు అదనపు ఆహారమును ఉత్పత్తిని ఈయసాగును.

వీనికంటె విచిత్రమైనది మతవిషయమున చేసిన ఏర్పాటు. ఆట తొలిదశలోనే ఎడారి గాథలను నమ్ము జాతికి ప్రతి ఎడారి గడియు, ధ్రువకాంతుల నృత్యమును నమ్ము జాతికి అడవిలేని ప్రతి టండ్రా గడియు, 1 పాలు భక్తిని పండించును. అన్నము పుట్టనిచోట భక్తి పుట్టునన్నమాట!

ఈ కల్పన నిరాధారము కాదు. భూములను పోల్చి విలువ కట్టుటలో మన కౌటిల్యుని మించిన గణకుడు అరుదు. విస్తారమైన మెట్టకంటె కొలదిపాటి నీటివసతి గల నేల మేలనియు, దాని ఫలము ఎడతెగక స్థిరముగా వచ్చుటయే అందులకు కారణమనియు అర్థశాస్త్రము చెప్పుచున్నది. అంత నిక్కచ్చియైన ఆ రాజనీతివేత్తయే, సేద్యమునకు పనికిరాని నేలను గూర్చి విధించునప్పుడు దానిని త్రోసిపుచ్చలేదు. పశువులకు మేతబీళ్ళను, వేదాధ్యయనమునకును సోమయాగమునకును అరణ్యములను, తపస్వులకు తపోవనములను, ఏనుగులకు గజవనములను అందుండియే ఏర్పరచెను. నీరులేని మరుభూమిలోని దుర్గమును సైతము ఆపత్కాలమున తలదాచుకొను తావుగా లెక్కించెను. ఏ నేలకు ఎవడు తగినవాడో కనుగొనుటయే ఆయన పద్ధతి. వాస్తవమైన పెట్రా నగరము చెప్పునదియు నిదియే. నేటి జోర్డాను దేశమున నబాతీయులు శిలలు తొలిచి కాలువలు తీర్చి, అరుదుగా కురియు వానను తొట్టులలో నిలువచేసి, సాంబ్రాణి మోయు ఒంటెల బిడారులకు ఆశ్రయమిచ్చి ఐశ్వర్యవంతులైరి. ఇసుక మారలేదు, దాని మర్మమెరిగినవారు వచ్చిరి.

ఇంతవరకు క్రీడయు కౌటిల్యుడును ఒక్కమాటయే చెప్పుచున్నారు: విలువ వస్తువునందు కాదు, వస్తువునకును దానిని వాడుకొనువానికిని గల సంబంధమునం దున్నదని. ఈ సమాధానము యుక్తమే గాని సంపూర్ణము కాదు. ఈజిప్టు దేశమున 3వ శతాబ్దమున జన్మించిన అంతోని యను క్రైస్తవ తపస్వి తన ఆస్తిని బీదలకు పంచి ఎడారి చేరెను. అచ్చట ఏ ఫలమును లేకుండుటయే ఆయన కోరిన ఫలము. పన్నులవాడు రాడు, వర్తకుడు రాడు, పొగడువాడు రాడు. కాని ఆయన కీర్తి వ్యాపించినకొలది శిష్యులు గుమిగూడిరి. ఎడారి సన్న్యాసుల నగరమైపోయెనని ఆయన చరిత్ర వ్రాసిన అతనాసియసు వర్ణించెను. అంతట అంతోని ఏమి చేసెను? జనసమ్మర్దమునకు వెఱచి, ఎఱ్ఱసముద్రము దిక్కున నున్న లోపలి కొండకు తరలిపోయెను.

ఇచ్చటనే బీడునేల విలువ రెండుగా చీలుచున్నది. చమురు విలువ నలుగురికి తెలిసినకొలది పెరుగును. ఏకాంతపు విలువ నలుగురికి తెలిసినంతనే నశించును. మొదటిదానిని క్రీడ చక్కగా లెక్కించును. రెండవదానిని లెక్కింపబోయి, భక్తిని సైతము ధాన్యమువలె రాశిపోసి, దానితో మతమును స్థాపించి ప్రచారకులను కొనుటకు వీలు కల్పించును. ఒక జాతి ఎన్నుకొన్న విశ్వాసము మరియొక జాతికి దక్కదు గనుక దానికై పోటీయు పెట్టును. ఇది క్రీడను నిర్మించినవారి దోషము కాదు. లెక్కలేనిదే ఆట లేదు. కాని లెక్కకు లోబడిన త్యాగము పెట్టుబడియే యగును గాని త్యాగము కాజాలదు.

ఆ క్రీడలో మంచునేలకు ఐదవ కూర్పున ఏ దేవతావిశ్వాసమును భక్తిఫలము కల్పింపలేదు. భక్తి విషయమున తుదిదాక అది శూన్యముగనే మిగులును. గెలువదలచిన ఆటగాడు దానిని విడిచిపెట్టుట న్యాయమే. జీవితమున మాత్రము, దేనివలన ఏ లాభమును లేదో దానినెల్ల నిరర్థకమని కొట్టివేయుటకు ముందు, లాభమే లేకుండుట ఎవనికైన అవసరమేమో యని పాఠకులు ఒక్కసారి విచారింతురుగాక.