“నీ బాధ నాకు తెలుసు” అనగలమా?



రోగులను చూడబోయినపుడు మనం అలవాటుగా పలికే మాట ఒకటుంది: “నీ బాధ నాకు తెలుసమ్మా.” గురువుగా నేనీ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. రెండేళ్ళ క్రితం మా విచారణలోని ఒక తల్లి దానికి జవాబు చెప్పింది. మూత్రపిండాలు పాడైన ఆమె వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రం పక్కన పడుకోవాలి. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కనుక తాగే నీళ్ళు కూడా కొలుచుకోవాలి. “మీకు దాహమేస్తే నీళ్ళు తాగుతారు గదా, ఫాదర్” అన్నది. కోపంగా అనలేదు. నాకు మాత్రం నోట మాట రాలేదు.

ఆమెకు ఒక ఆసరా ఉండేది. తనలాగే డయాలసిస్ చేయించుకొనే నలభై మంది సెల్‌ఫోనులో వాట్సప్ గ్రూపుగా కలిశారు. ఒకరి ముఖం ఒకరు చూసినవారు తక్కువ. దాహం ఆగనపుడు చిన్న మంచుముక్క నోట్లో పెట్టుకోమనీ, రోజు మొత్తానికి తాగవలసిన నీళ్ళు ఉదయమే ఒక సీసాలో పోసి ఉంచుకోమనీ నేర్పింది వాళ్ళే. మనం ప్రేమతో పట్టుకెళ్ళే కొబ్బరి బోండాలు, అరటిపండ్లు ఇటువంటి రోగికి పొటాషియం పెంచి గుండెకే ముప్పు తేగలవు. డాక్టరు చెబితే తలకెక్కని ఆ సంగతి తోటి రోగి చెబితే ఎక్కింది. (బోండాలు పట్టుకెళ్ళినవారిలో నేనూ ఉన్నాను.)

ఒకనాడు ఆ గ్రూపులో ఒకతను చనిపోయాడు. ఈమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. కొడుకు ఫోను తీసి దాచాడు. “ఇంట్లో ఇంతమందిమి ఉండగా నీకా చావు కబుర్లెందుకమ్మా” అన్నాడు. నాచేత కూడా చెప్పించాడు. నేను అతని పక్షమే మాట్లాడాను. పైగా ఏదో పసరు తాగితే డయాలసిస్ మానేయవచ్చని అందులో ఎవరో రాశారట. ఆమె స్థితిలో డయాలసిస్ మానడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కొడుకు భయం అర్థంలేనిది కాదు.

నెల తిరగకముందే ఒక రాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆమెను ఆసుపత్రికి మోసుకెళ్ళవలసి వచ్చింది. మూడు రోజులుగా ఆయాసంగా ఉన్నా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. “వీళ్ళ ముఖాలు చూస్తే చెప్పబుద్ధి కాలేదు, ఫాదర్. అక్కడైతే అడిగేదాన్ని” అన్నది.

ఆ రాత్రి నాకు గురువిద్యాలయంలో చదివిన పాఠం గుర్తుకొచ్చింది. 1942లో ఆష్విట్జ్‌లో హతురాలైన పునీత ఎడిత్ స్టెయిన్ 1915లో యుద్ధకాలపు ఆసుపత్రిలో అంటురోగుల మధ్య నర్సుగా పనిచేసింది. మరుసటి ఏడు తత్వవేత్త హుస్సెర్ల్ వద్ద డాక్టరేటు పూర్తిచేసింది. ఆమె ఎంచుకున్న విషయం సహానుభూతి. స్థూలంగా ఆమె చెప్పింది ఇది: ఎదుటివారి బాధను నేను గ్రహించగలను, అది నన్ను కదిలించగలదు. అయినా అది వారికి కలిగినట్లు నాకు కలగదు.

అలాగైతే తోటి రోగికి మాత్రం ఎలా తెలుస్తుంది? అతని దాహం అతనిదే, ఈమె దాహం ఈమెదే. నిజమే. కాని అతనికి ఈమె వివరించనక్కరలేదు. అంతకన్నా ముఖ్యం, అతని కన్నీళ్ళు తుడవనక్కరలేదు. ఇంట్లో ఆమె తన జబ్బుతోపాటు ఆ జబ్బును చూసి బెంగపడే మనందరినీ మోస్తున్నది. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే ఆయనకు బరువయ్యారు.

ఇంకొక సంగతి. ఇంట్లో రోగి ఎప్పుడూ పుచ్చుకొనే మనిషి. అక్కడ ఇచ్చే మనిషి. మొదటిసారి సూది గుచ్చించుకోబోతూ వణికే కొత్తవాడికి అర్ధరాత్రి ధైర్యం చెప్పింది ఈమే. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో ఒక తాగుబోతు, తాను మళ్ళీ తాగకుండా ఉండటానికే మరొక తాగుబోతును వెదుక్కుంటూ వెళ్ళాడు. ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అలా పుట్టింది.

పసరు మాట అడిగి తెలుసుకున్నాను. అది రాసినవాడిని మిగతావాళ్ళు గంటలోపే నిలదీశారట. మందుల విషయం డాక్టరునే అడగాలన్నది వాళ్ళ నియమం.

కొడుకుతో మళ్ళీ మాట్లాడాను, ఈసారి నా తప్పు ఒప్పుకొని. ఫోను తిరిగి ఇచ్చాడు. కిందటి ఆదివారం ఆమె ఆ చనిపోయినతని కోసం పూజ చెప్పమని వచ్చింది. పుస్తకంలో రాసుకొంటూ ఇంటిపేరు అడిగాను.

“తెలియదు, ఫాదర్. రోజుకు ముప్పాతిక లీటరు నీళ్ళు తాగేవాడు” అన్నది.