తువాలు ఎవరి చేతిలో ఉంది?



ఈ నాలుగు మాటలు రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఇది నా లోపం గురించిన సంగతి. నేను కువైట్ వచ్చి 14 ఏళ్లయింది. అందులో 6 ఏళ్లు మన తెలుగు సహవాసం కమిటీలో ఉన్నాను. శుక్రవారం పొద్దున్నే హాలు తెరవడం, మైకులు సర్దడం, దూరపు క్యాంపుల్లో ఉండే సహోదరులకు బండి మాట్లాడడం, ఇవన్నీ ప్రభువు కోసమే చేస్తున్నానని నమ్మాను. ఒక ఏడాది కొత్త కమిటీ పేర్లు చదివారు. నా పేరు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపమని అనుకున్నాను గానీ, తెల్లవారేసరికి అది కోపం కాదని తెలిసింది. అది భయం. ఇకమీదట వీళ్లకు నేను అక్కర్లేదేమో అన్న భయం. ఇంకా లోపలికి వెళ్తే, దేవునికి కూడా అక్కర్లేదేమో అన్న భయం.

తర్వాతి శుక్రవారం ఆలస్యంగా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ప్రేమవిందు అయ్యాక ఎవరితో మాట్లాడాలో తెలియక వంటగది వైపు వెళ్లాను. అక్కడ ఒక అక్క బిర్యానీ గిన్నెలు తోముతోంది. కోనసీమ మనిషి. 20 నంబరు వీసా మీద, అంటే ఇంటిపని వీసా మీద వచ్చింది. ఆమెకు నెలకు ఒక్క శుక్రవారం సెలవు దొరుకుతుంది. "వారమంతా అదే పని కదా అక్కా, ఇక్కడ కూడా ఎందుకు?" అన్నాను. ఆమె చేతులు ఆపకుండానే జవాబిచ్చింది.

"అక్కడ గిన్నె జారిందంటే గుండె జారిపోద్ది బ్రదర్ గారూ. జీతంలో కోత పెడతారో, పొమ్మంటారో తెలీదు. ఇది నాన్నగారిల్లు కదండీ. జారితే జారుద్ది. నన్నెవరు పొమ్మంటారు?"

ఆ మాట నన్ను యోహాను సువార్త 13వ అధ్యాయానికి తీసుకెళ్లింది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి మనందరికీ తెలుసు. కానీ ఆయన భోజనం దగ్గర నుంచి లేవడానికి ముందు యోహాను ఏం రాశాడో నేను ఎప్పుడూ నిదానంగా చదవలేదు. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గర నుంచి వచ్చాడనీ, దేవుని దగ్గరికే వెళ్తున్నాడనీ యేసుకు తెలుసు. అది చెప్పిన వెంటనే యోహాను తువాలు గురించీ పళ్లెంలో నీళ్ల గురించీ రాస్తాడు. ముందు భద్రత, తర్వాత సేవ. ఆ వరస మారలేదు.

ఆ రోజుల్లో పాదాలు కడగడం ఇంట్లో అందరికంటే కింది దాసుని పని. ఆ గదిలో శిష్యులెవరూ ఆ పనికి లేవలేదు. ఎందుకు లేవలేదో లూకా 22వ అధ్యాయం చూస్తే అర్థమవుతుంది. తమలో ఎవరు గొప్ప అన్న వాదం ఆ రాత్రి కూడా వారిని వదల్లేదు. తన స్థానం ఏమిటో తేలని మనిషి కిందికి వంగలేడు. వంగితే అక్కడే ఉండిపోతానేమోనని అతని భయం. తాను ఎవరో తెలిసిన ప్రభువుకు మాత్రం వంగడం వల్ల పోయేదేమీ లేదు. తనను అప్పగించబోయేవాడు ఎవరో తెలిసి కూడా ఆయన ఎవరినీ దాటి వెళ్లలేదు. తిరిగి ఏమీ రాని చోట కూడా ఆ చేతులు ఆగలేదు.

నా సేవ అలాంటిది కాదని అప్పుడు తెలిసింది. ఈ దేశంలో మన బ్రతుకు అకామా మీద నడుస్తుంది. పని ఉంటే అకామా, అకామా ఉంటే నీడ. పని పోతే అన్నీ ఊగుతాయి. నేను తెలియకుండానే పరలోకపు తండ్రిని కూడా ఒక కఫీల్‌ను చేసుకున్నాను. పని చూపించి, నా అకామా రెన్యువల్ చేయించుకుంటున్నాను.

తప్పిపోయిన కుమారుని కథలో పెద్దకొడుకు వ్యాధి ఇదే (లూకా 15). ఇన్నేళ్లు దాసుడిలా చాకిరీ చేశాననీ, ఒక్క మేకపిల్ల కూడా ఇవ్వలేదనీ తండ్రిని నిలదీస్తాడు. ఇంట్లోనే ఉన్నాడు, ఆస్తి అంతా తనదే, అయినా మనసులో కూలివాడు. కూలివాడి దగ్గర లెక్క ఉంటుంది. అందుకే తమ్ముడు వచ్చినప్పుడు సంతోషించలేకపోయాడు. నాకూ కొత్త కమిటీలోకి వచ్చిన తమ్ముణ్ణి చూసి సంతోషం కలగలేదు.

సేవకూ రక్షణకూ మధ్య బేరం పెట్టకూడదని మన తెలుగు సంఘ చరిత్రలో ఒక గట్టి సాక్ష్యం ఉంది. 1876–78 మధ్య వచ్చిన మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చూశాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవారు ఎందరో. ఆయన ఇవ్వకుండా ఆపాడు. అన్నం కోసం ప్రభువు దగ్గరికి వచ్చారన్న మాట రాకూడదని. కరువు పని ముగిసి, ఇవ్వడానికి చేతిలో కూలి లేని రోజుల్లో కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూలి వేరు, కృప వేరు అని ఆ తల్లిదండ్రులు అలా నేర్చుకున్నారు. వారి మనవళ్లం, మునిమనవళ్లం మనలో కొందరం ఇక్కడ మళ్లీ ఆ రెండింటినీ కలిపేస్తున్నాం.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. రక్షణ భద్రంగా ఉందని తెలిస్తే ఎవరైనా పని చేస్తారా? సోమరులైపోరా? పౌలు కూడా ఇలాంటి ప్రశ్నను ఎదుర్కొన్నాడు (రోమా 6). నాకు తోచిన జవాబు ఇది. భయంతో చేసే పని ఎవరూ చూడని చోట ఆగిపోతుంది. భయం పోయాక కూడా పని మిగిలితే, అదే ప్రేమ. నా పేరు జాబితాలో లేని మొదటి శుక్రవారం నేను హాలు తెరవడానికి వెళ్లలేదు. నా 6 ఏళ్ల సేవలో ప్రేమ ఎంతో, భయం ఎంతో ఆ ఒక్క శుక్రవారం చెప్పేసింది.

కానీ ఈ సంగతిని ఇక్కడితో ఆపితే అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆ అక్క మాటకు కళ్లు చెమర్చాయి. మంచిదే. కానీ ఆమె నెలకు ఒక్క సెలవురోజును సింకు దగ్గర గడుపుతుంటే, ఆరు రోజులు ఏసీ గదిలో కూర్చునే నేను ముందు వరసలో ఎందుకు కూర్చున్నాను? ఇంటిపనివారికి వారానికో రోజు సెలవు ఉండాలని ఇక్కడి 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతుంది. యజమానులు అది పాటించడం లేదని మనం బాధపడతాం. మరి మన సహవాసంలో ఆమెకు సెలవు ఇచ్చామా?

దీనత్వం గురించి మనం చేసే ప్రసంగాలు ఎక్కువగా కింద ఉన్నవారికే చేరుతున్నాయి. ఆ గదిలో మాత్రం ప్రభువు పేతురుకో యోహానుకో తువాలు ఇచ్చి కడగమనలేదు. సమస్తం చేతిలో ఉన్నవాడే తువాలు తీసుకున్నాడు. బోధకుడినైన నేనే ఇలా చేశాను గనుక మీరూ ఒకరికొకరు చేయాలన్నది ఆయన మాటల సారం. ఒకరికొకరు అంటే చేతులు మారాలి. బలవంతపు చాకిరీని సేవ అని పిలిచి పొగడడం సువార్త కాదు.

ఇప్పుడు నేను ఏ కమిటీలోనూ లేను. శుక్రవారం మధ్యాహ్నం గిన్నెలు తోముతాను. ఇది గొప్పగా చెప్పుకోవడానికి కాదు, మొదటి రెండు వారాలు ఎవరైనా చూస్తున్నారా అని తలుపు వైపు చూశాను కూడా. ఆ చూపు ఇంకా పూర్తిగా పోలేదు. సెలవు దొరికిన శుక్రవారం ఆ అక్క హాల్లో కూర్చుని, తోటి సహోదరీలతో కబుర్లు చెప్పుకుంటూ టీ తాగుతుంది. మొదటిసారి నేను గిన్నెలు అందుకున్నప్పుడు ఆమె ఒప్పుకోలేదు. పేతురు కూడా మొదట ఒప్పుకోలేదు కదా అన్నాను. నవ్వి, తప్పుకుంది.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా పేర్లు ఏ జాబితాలో లేకపోయినా నీ ఇంట్లో మా చోటు ఉందని నమ్మే మనసు మాకివ్వు. ఆ నెమ్మదితో మా చేతుల్లోకి తువాలు తీసుకోనివ్వు. మా మధ్య అలసిపోయినవారిని ముందుగా కూర్చోబెట్టడం మాకు నేర్పు. యేసుక్రీస్తు నామంలో వేడుకుంటున్నాం. ఆమేన్.