పశువుకు పరలోకం ఉందా?

మనిషి చనిపోతే పరలోకానికి పోతాడంటారు. మరి అతను పెంచిన ఎద్దు ఎక్కడికి పోతుంది? అతని వెంట అడవికి తిరిగిన కుక్క ఎక్కడికి పోతుంది? చర్చి ఉన్న మన గూడేల్లో పిల్లలు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. సైన్సు పాఠం మధ్యలో అడుగుతారు, సండే స్కూల్లో అడుగుతారు, కుక్క చచ్చిపోయిన రోజు ఇంట్లో అడుగుతారు. చాలాసార్లు వాళ్లకు దొరికే జవాబు ఒక్కటే: జంతువులకు ఆత్మ లేదు. అక్కడితో మాట ఆగిపోతుంది.

ఆ జవాబుతో మాట ఆపేయడం సరికాదని మా అభిప్రాయం. ఎందుకంటే ఈ విషయంలో క్రైస్తవ పండితులే అంతా ఒక్క మాట మీద లేరు. పైగా ఆదివాసులమైన మనకు ఇది పుస్తకాల్లోని చర్చ మాత్రమే కాదు. మన ఇంటిపేర్లలోనే జంతువులున్నాయి. పాడేరు, అరకు వైపు కిల్లో అంటే పులి, గొల్లోరి అంటే కోతి, వంతాల అంటే పాము. ఆ ఇంటిపేరు గల పిల్లవాడు జంతువుకు ఆత్మ లేదని విన్నప్పుడు, తన చుట్టాన్ని గురించి ఎవరో ఏదో అన్నట్టే ఉంటుంది. ఏ మతం గొప్పదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. క్రైస్తవ గ్రంథం ఏం చెబుతోంది, పండితులు ఏమన్నారు, వాటిలో మనం పట్టుకోవలసింది ఏమిటి అన్నవే ఇక్కడ ఆలోచిద్దాం.

గ్రంథంలో ఏముంది

ముందు ఒక మాట గురించి చెప్పుకోవాలి. ఆదికాండం మొదటి రెండు అధ్యాయాల్లో జంతువులను సృష్టించినప్పుడూ, మనిషిని చేసినప్పుడూ హెబ్రీ మూలంలో వాడిన మాట ఒకటే: నెఫెష్ హయ్యా. అంటే ప్రాణమున్న జీవి. తెలుగు బైబిల్లో మాత్రం మనిషి దగ్గర 'జీవాత్మ' అనీ, జంతువుల దగ్గర 'జీవముగలవి' అనీ కనిపిస్తుంది. ఇంగ్లీషు పాత అనువాదంలోనూ ఇలాంటి తేడాయే ఉంది. అనువాదం మాత్రమే చదివేవాడికి, మనిషికి దేవుడు ఆత్మ ఇచ్చాడు, జంతువుకు వట్టి ఊపిరే ఇచ్చాడు అనిపిస్తుంది. మనిషిని తన పోలికలో చేశాడని అదే గ్రంథం చెబుతోంది కాబట్టి తేడా లేకపోలేదు. కానీ ఆ తేడా ప్రాణమనే మాటలో లేదు. ఉపాధ్యాయులు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి పోయేటప్పుడు మాటలు ఎలా మారిపోతాయో మన భాషలు మాట్లాడే మనకు బాగా తెలుసు.

ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం మరీ సూటిగా మాట్లాడుతుంది. మనిషికీ జంతువుకూ వచ్చే చావు ఒకటే, ఊపిరి ఒకటే, ఇద్దరూ మట్టిలోనే కలుస్తారు అంటుంది. మనిషి ఊపిరి పైకీ, జంతువు ఊపిరి కిందికీ పోతుందని ఎవరికి తెలుసని ప్రశ్నిస్తుంది. దానికి జవాబు మాత్రం చెప్పదు.

నోవహు కాలంలో జలప్రళయం తర్వాత దేవుడు చేసిన నిబంధన మనుషులతోనే కాదు, ఓడలోంచి బయటికి వచ్చిన ప్రతి జీవితోనూ అని ఆదికాండం తొమ్మిదో అధ్యాయం పదేపదే చెబుతుంది. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం మనిషికే కాక పశువుకూ ఇవ్వాలని ఉంది. ధాన్యం నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దని ద్వితీయోపదేశకాండంలో ఉంది. నీనెవె పట్టణాన్ని ఎందుకు నాశనం చేయలేదో యోనాకు చెబుతూ, అక్కడున్న లక్షా ఇరవై వేల మందితో పాటు పశువులను కూడా దేవుడు లెక్కలో చేర్చుకున్నాడు. యెషయా చూపించిన రాబోయే రాజ్యంలో తోడేలూ గొర్రెపిల్లా కలిసి ఉంటాయి, సింహం ఎద్దులా గడ్డి మేస్తుంది. పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయంలో సృష్టి అంతా మూలుగుతూ, నాశనపు బంధకం నుంచి విడుదల కోసం ఎదురు చూస్తోందని అంటాడు.

రెండో వైపు కూడా చూడాలి. అదే పౌలు కొరింథీయులకు రాసేటప్పుడు ఆ చిక్కం ఆజ్ఞను తీసుకుని, దేవుడు ఎడ్ల కోసమా ఇది చెప్పింది, మన కోసం కదా అని అడుగుతాడు. పేతురు రెండో పత్రికలో జంతువులు పట్టుబడి చావడానికే పుట్టినట్టు ఒక మాట ఉంది. చనిపోయిన ఫలానా ఎద్దు లేస్తుందని గ్రంథంలో ఎక్కడా లేదు. కాబట్టి 'ఉంది' అని గట్టిగా అనేవాళ్లూ, 'లేదు' అని గట్టిగా అనేవాళ్లూ గ్రంథం చెప్పినదానికంటే కొంచెం ఎక్కువే చెబుతున్నారు.

పండితులు ఏమన్నారు

13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ మాట క్రైస్తవ లోకం మీద చాలా బలంగా పనిచేసింది. జంతువులకు ఆత్మ లేదని ఆయన అనలేదు. వాటికి చూసే, వినే, నొప్పి తెలిసే ఆత్మ ఉందన్నాడు. అయితే ఆలోచించి సత్యాన్ని తెలుసుకునే శక్తి మనిషి ఆత్మకే ఉంది కాబట్టి అదొక్కటే దేహం పోయినా నిలుస్తుందనీ, జంతువు ఆత్మ దేహంతోనే పోతుందనీ చెప్పాడు. మన ఊళ్లలో వినబడే 'ఆత్మ లేదు' అనే మాట ఈ వాదన అరిగిపోగా మిగిలిన ముక్క.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1781 నాటి ఒక ప్రసంగంలో దీనికి ఎదురు మాట చెప్పాడు. రోమా పత్రికలోని ఆ మూలిగే సృష్టి గురించే ఆ ప్రసంగం. మనిషి చేసిన పాపానికి జంతువులు ఏ తప్పూ చేయకుండానే బాధ పడుతున్నాయి, కాబట్టి మనిషికి విడుదల వచ్చిన రోజు వాటికీ రావాలి అన్నది ఆయన వాదన. అప్పుడు వాటికి ఇప్పటికంటే గొప్ప తెలివి, దేవుణ్ని తెలుసుకునే శక్తి కూడా రావచ్చునేమో అని ఊహించాడు. ఆ ప్రసంగం చివరికి వచ్చి ఆగేది పరలోకం దగ్గర కాదు, మనం ఇక్కడ జంతువుల మీద చూపాల్సిన దయ దగ్గర.

ఇంగ్లీషు రచయిత సి.ఎస్. లూయిస్ 1940లో బాధ గురించి రాసిన పుస్తకంలో ఇంకో దారి చూపించాడు. మనిషి ప్రేమతో పెంచుకున్న జంతువు ఆ మనిషి ద్వారా, అతని ఇంటిలో భాగంగా, పరలోకంలో చోటు పొందవచ్చునని ఊహించాడు. కుక్కను పెంచుకునేవారికి ఇది ఊరటనిచ్చే మాటే. కానీ అడవిలో పుట్టి పెరిగిన మనకు వెంటనే ఒక సందేహం వస్తుంది. యజమాని లేని జంతువుల సంగతేమిటి? దుప్పికి, ఎలుగుబంటికి, అడవికోడికి ఎవరు యజమాని? వాటి విషయంలో లూయిస్ అంత ధైర్యంగా ఏమీ చెప్పలేదు. మనిషి చేతికి చిక్కినవాటికే విలువ అనుకునే అలవాటు మంచివాళ్ల ఊహల్లోకి కూడా ఎలా చొరబడుతుందో ఇక్కడ గమనించవచ్చు.

కుక్కలు కూడా పరలోకానికి వెళ్తాయని పోప్ ఫ్రాన్సిస్ ఒక బాలుడితో అన్నట్టు 2014 చివర్లో ప్రపంచమంతా పత్రికలు రాశాయి. ఆయన అలా అనలేదని తర్వాత తేలింది. మనసుకు నచ్చిన మాట అయినంత మాత్రాన నిజమైపోదని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. అయితే మరుసటి ఏడు, 2015లో, భూమి గురించి ఆయన రాసిన లౌదాతో సీ అనే లేఖ చివర్లో నిత్యజీవంలో ప్రతి ప్రాణీ రూపు మారి వెలుగుతూ తన చోటు తాను తీసుకుంటుందని నిజంగానే ఉంది. అక్కడ ఆయన పెంపుడు జంతువులకూ అడవి జంతువులకూ మధ్య గీత గీయలేదు.

ఆత్మ ఉందా అన్న ప్రశ్న మనుషుల మీదా వేశారు

మన యువతకు తెలియాల్సిన చరిత్ర ఒకటుంది. అమెరికా ఖండాల్లోకి స్పెయిన్ వాళ్లు దిగాక, అక్కడి ఆదివాసులు పూర్తి మనుషులేనా అన్న వాదన లేచింది. వాళ్లను మూగజీవాల్లా పనికి వాడుకోవచ్చనేవాళ్లు అప్పట్లో ఉన్నారు. 1537లో పోప్ మూడో పాల్ ఒక ప్రకటన ఇచ్చి, వాళ్లు నిజమైన మనుషులేననీ, వాళ్ల స్వేచ్ఛను, ఆస్తిని లాక్కోకూడదనీ చెప్పవలసి వచ్చింది. 1550లో వయ్యదోలిద్ నగరంలో సెపుల్వేద, లాస్ కాసాస్ అనే ఇద్దరు పండితులు ఆదివాసుల మీద యుద్ధం న్యాయమా కాదా అని వాదించుకున్నారు. ఆదివాసుల తరఫున నిలబడింది లాస్ కాసాస్ అనే బిషప్పు.

దీన్ని తలచుకున్నప్పుడు మనం సాధారణంగా 'మమ్మల్ని జంతువుల వరుసలో పెట్టారు' అని కోప్పడతాం. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఇంకో అడుగు ముందుకు వేయాలి. ఆ వరుసలో ఉన్నదాన్ని ఏమైనా చేయవచ్చు అని ముందే ఎవరో అనుకున్నారు కాబట్టే, మనిషిని ఆ వరుసలోకి నెట్టడం వాళ్లకు లాభమైంది. ఆత్మ లేదన్న మాటను కొరడాగా వాడే అలవాటు ఉన్నంతకాలం, అది రేపు ఎవరి వీపు మీద పడుతుందో చెప్పలేం. ఆ దెబ్బ రుచి తెలిసిన మనం ఆ మాటను ఎద్దు మీదైనా తేలిగ్గా వాడకూడదు.

పరలోకం లేదనుకుంటే?

ఒకవేళ అక్వినాస్ చెప్పిందే నిజమనుకుందాం. జంతువు చావుతో దాని కథ ముగిసిపోతుంది. అప్పుడు దాన్ని ఎలా చూసినా పర్వాలేదా?

హంఫ్రీ ప్రిమట్ అనే ఇంగ్లండు పాదిరి 1776లో ఒక పుస్తకం రాసి దీనికి జవాబిచ్చాడు. ఆయన వాదన ఇది. అన్యాయంగా బాధపడ్డ మనిషికి ఆ లోకంలోనైనా ఓదార్పు దొరుకుతుందని ఆశ ఉంది. జంతువుకు ఆ లోకం లేదంటే, దానికున్నది ఈ బతుకొక్కటే. అందులో దానికి చేసిన హింసను ఎవరూ ఎప్పటికీ పూడ్చలేరు. కాబట్టి పరలోకం లేని ప్రాణిని హింసించడం ఇంకా పెద్ద పాపం. ఆ పుస్తకం వట్టిగా పోలేదు. దాన్ని ఎంతో గౌరవించిన ఆర్థర్ బ్రూమ్ అనే మరో పాదిరి పూనుకోగా 1824లో లండన్‌లో జంతుహింసను ఆపే సంఘం ఏర్పడింది.

మాకు ఈ వాదన చాలా గట్టిదిగా కనిపిస్తోంది. జంతువుకు పరలోకం ఉంటే, అది దేవుడు చోటిచ్చిన ప్రాణి కాబట్టి దయగా చూడాలి. లేకపోతే, దానికి ఇంకో బతుకు లేదు కాబట్టి దయగా చూడాలి. ఆ లోకం గురించి మన నమ్మకాలు వేరువేరు కావచ్చు. ఈ లోకంలో చేయవలసిన పని దగ్గర రెండు దారులూ కలుస్తున్నాయి.

మన పెద్దల మాట

కోయల అంత్యక్రియల్లో ఆవునో ఎద్దునో కోసి దాని తోకను చనిపోయినవారి చేతిలో పెట్టే ఆచారం ఉండేదని 1909లో వచ్చిన ఎడ్గర్ థర్స్‌టన్ సంపుటాల్లో రాసి ఉంది. పోయినవారి పేరున నిలిపిన రాయికి తోక కట్టడం కూడా ఉండేది. పోయేవాడు ఒంటరిగా పోడు, వెంట పశువు కూడా పోతుందన్న భావం ఇందులో ఉంది. అంటే పశువుకు ఆ లోకంలో చోటుందని మనవాళ్లు ఏ పండితుడూ చెప్పకముందే అనుకున్నారు.

అలాగని మన సంప్రదాయంలో అంతా చల్లగా ఉందని చెప్పుకోవడం నిజాయితీ కాదు. పశువుకు ఆ లోకంలో చోటు ఇచ్చాం, అక్కడికి పంపడానికి కత్తి పట్టింది కూడా మనమే. కానీ మన కట్టుబాట్లు చేతికి ఒక హద్దు పెట్టాయి. ఇంటిపేరు జంతువును చంపకూడదు, తినకూడదు అన్న నియమం అలాంటిదే. ఎంత తినాలో, ఎప్పుడు వేటాడాలో, దేన్ని వదిలేయాలో ఊరంతా కలిసి అనుకునేవారు.

ఇప్పుడు చిక్కు ఎక్కడ వచ్చిందంటే, చర్చికి వెళ్లే కుర్రవాడు 'అది పాత నమ్మకం' అని ఆ హద్దును వదిలేస్తున్నాడు. కొత్త నమ్మకంలో ఉన్న విశ్రాంతి దినం ఆజ్ఞనూ, యోనా కథలోని పశువులనూ అతనికి ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. పాత హద్దు పోయింది, కొత్త హద్దు రాలేదు. చర్చికి వెళ్లనివాడి పరిస్థితి కూడా గొప్పగా ఏమీ లేదు. అడవిపంది కోసం కరెంటు తీగ పరిచేవాళ్లలో, తిండిలో నాటుబాంబు పెట్టేవాళ్లలో అన్ని నమ్మకాలవాళ్లూ ఉన్నారు. ఆ తీగకు పశువులే కాదు, మనుషులు కూడా బలైపోతున్నారు.

చివరగా

తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఒకటి. పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడు ఒక్క ముక్కతో నోరు మూయించకండి. గ్రంథంలో రెండు వైపులా ఏముందో చెప్పండి. వాళ్ల తాతను, నాయనమ్మను అడిగి రమ్మనండి. రెండూ విన్నాక, మరి మన ఇంటి పశువును మనం ఎలా చూస్తున్నామో వాళ్లనే చెప్పనివ్వండి.

యువతకు చెప్పేదీ అంత పెద్దదేమీ కాదు. ఆదివారం మీరు చర్చికి వెళ్తే, ఆ రోజు మీ ఎడ్లను కూడా కాడి కట్టకుండా వదలండి. మీ గ్రంథం అడుగుతున్నది అదే. మీరు పెద్దల దారిలో ఉంటే, మీ ఇంటిపేరు జంతువు ఏదో, దాని విషయంలో కట్టుబాటు ఏమిటో తెలుసుకుని పాటించండి. ఏ దారిలో ఉన్నా కరెంటు తీగ పరవొద్దు. పదేళ్లు దున్నిన ముసలి ఎద్దును సంతకు తోలే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి మాట్లాడుకోండి. దానికి పరలోకంలో చోటు ఇవ్వడమూ, ఇవ్వకపోవడమూ మన చేతిలో లేదు. మన పాకలో దాని చోటు మాత్రం మన చేతిలోనే ఉంది.