వసతి గృహంలో అతిథి: ఒక ధర్మసందేహం

విశ్వవిద్యాలయాల చరిత్రను వ్రాసేవారు సాధారణంగా భవనాలతో ఆరంభిస్తారు. ఉస్మానియా విషయంలో అది సహజం కూడా. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఏర్పడిన ఆ విద్యాసంస్థ పేరు చెప్పగానే, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల రాతికట్టడం ఎవరికైనా కళ్లకు కడుతుంది. కాని ఆ ప్రాంగణంలో చదివి వెళ్లినవారిని కదిపితే ముందుగా జ్ఞాపకం వచ్చేది ఉపన్యాసమందిరం కాదు. హాస్టల్ గది, మెస్ బల్ల, నెలాఖరు బిల్లు. నైతికమైన ప్రశ్నలు అనేకం అక్కడే పుడతాయి. తత్త్వశాస్త్ర విభాగంలో వాటికి పాఠ్యాంశం లేదు.

అటువంటి ప్రశ్నల్లో ఒకదానికి 'నాన్ బోర్డర్' అని పేరు. గది కేటాయింపు పొందినవాడు బోర్డరు. కేటాయింపు లేకుండా స్నేహితుని గదిలో తలదాచుకొనేవాడు నాన్ బోర్డరు. అతడు తప్పనిసరిగా బయటివాడు కాడు. ఒక్కొక్కప్పుడు అదే విభాగంలో సీటు దొరికి గది దొరకనివాడు. ఒక్కొక్కప్పుడు నిరుడే ఎం.ఏ. ముగించి, గ్రూప్స్ ప్రకటన కోసం ఎదురుచూస్తూ ఊరికి తిరిగి వెళ్లలేనివాడు. ఊళ్లో చదువుకొనే చోటు ఉండదు. ఉద్యోగం లేకుండా వచ్చాడన్న మాట మాత్రం ఉంటుంది. నగరంలో అద్దెగదికి డబ్బు ఉండదు. ఇద్దరికి ఉద్దేశించిన గదిలో ముగ్గురో నలుగురో సర్దుకుంటారు. మంచాలు గోడలకు చేర్చి, నడుమ చాప పరుస్తారు.

ఈ ఏర్పాటును గురించి అధికారులు మాట్లాడితే క్రమశిక్షణ అంటారు. విద్యార్థులు మాట్లాడితే స్నేహధర్మం అంటారు. రెండు మాటలూ అసలు ప్రశ్నను తప్పించుకొనేవే. ఒకడు తనకు లభించినదాన్ని మరొకడితో పంచుకుంటున్నప్పుడు, ఆ పంచుకుంటున్నది నిజంగా ఎవరిది?

భారతీయ సంప్రదాయంలో అతిథి సత్కారానికి ఉన్న స్థానం సుపరిచితం. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి, విద్య ముగించి గురుకులం వీడుతున్న శిష్యుడికి తల్లిని, తండ్రిని, గురువును దైవాలుగా భావించమని చెప్పి, ఆ వరుసలోనే అతిథినీ చేర్చింది. నేటికీ పలు విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో ఆ అనువాకాన్ని స్మరిస్తారు. అయితే ఆ ఉపదేశం గురుకులంలో ఉన్నవాడికి కాదు, గృహస్థు కాబోతున్నవాడికి. విద్యార్థి తానే భిక్ష మీద బ్రతికేవాడు; అతనికి ఇంకా ఇల్లు లేదు, కనుక అతిథీ లేడు. ఇక అతిథి ఎవరన్నదానికి మనుస్మృతి ఇచ్చిన నిర్వచనం మరింత బిగువైనది: ఒక్క రాత్రి నిలిచి వెళ్లేవాడే అతిథి. నాన్ బోర్డరు ఏడాది ఉంటాడు, రెండేళ్లూ ఉంటాడు. శాస్త్రం ప్రకారం అతడు అతిథి కాడు. రిజిస్టరు ప్రకారం నివాసి కాడు.

తెలుగునాట ఇటువంటి విద్యార్థికి ఒకప్పుడు వేరే దారి ఉండేది. వారాలు చేసుకొని చదువుకోవడం అనేవారు దాన్ని. ఆదివారం ఒక ఇంట, సోమవారం మరొక ఇంట. ఏడు రోజులకు ఏడు విస్తళ్లు. ఆ ఏర్పాటులో లోపాలు తక్కువేమీ కావు. చాలావరకు అది బ్రాహ్మణ బాలురకు అందిన ఆదరణ. కులం గడప దాటి ఆ విస్తరి బయటికి రాలేదు. వారాలబ్బాయి పడిన చిన్నచూపు కూడా తెలిసినదే. అయినా దానికి ఒక గుణం ఉంది. ఇల్లాలు తన వంటయింటి బియ్యంలోంచే పెట్టింది, ఎవరికి పెడుతున్నదో ఎరిగి పెట్టింది. తినేవాడికీ అది ఎవరింటి అన్నమో తెలుసు. పూటకూళ్ల ఇల్లు మరొక విధం. టంగుటూరి ప్రకాశం పంతులు తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పెంచింది. అక్కడ పూటకు వెల ఉంది, లెక్క ఉంది. వారాల్లో దాత కనిపిస్తాడు, పూటకూలిలో ధర కనిపిస్తుంది. హాస్టల్ మెస్‌లో నాన్ బోర్డరు తినే అన్నానికి ఈ రెండూ కనిపించవు. చిక్కంతా అక్కడే ఉంది.

డివైడింగ్ పద్ధతిలో నడిచే మెస్ లెక్క ఎలా ఉంటుందో తెలిస్తే ఇది స్పష్టమవుతుంది. నెలలో బియ్యానికి, పప్పుకు, కూరగాయలకు, గ్యాసుకు అయిన ఖర్చును, భోజనం చేసినట్టు నమోదైన సభ్యులకు పంచుతారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం సంక్షేమ వసతి గృహాల్లో ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవారికి నెలకు 1,500 రూపాయలుగా ఉన్న డైట్ చార్జీని 2,100కు పెంచింది. ఆ అంకెనే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక మెస్‌లో 200 మంది సభ్యులు, తలకు 2,100 చొప్పున ఖర్చు 4,20,000 రూపాయలు అనుకుంటే, నమోదు కాని మరి 10 మంది అదే బల్లల మీద తిన్నప్పుడు ఖర్చు 4,41,000 అవుతుంది. పంచేది మాత్రం 200 మందికే. తలకు 2,205. ప్రభుత్వం ఇచ్చేది 2,100 దగ్గర ఆగుతుంది కనుక మిగిలిన 105 రూపాయలు విద్యార్థి జేబులోంచి రావాలి. ఇంటినుంచి ధారాళంగా డబ్బు వచ్చేవాడు ఆ తేడాను గమనించడు. కూలికి వెళ్లే తల్లి దాచి పంపినదానితో నెల గడుపుకొనేవాడు గమనిస్తాడు, కాని పైకి అనడు. ఖర్చు పెంచరాదని మెస్ కమిటీ పట్టుబడితే ఆ పదిమంది భారం బిల్లులో కాక పప్పుచారులో తేలుతుంది, నీళ్లు పెరుగుతాయి.

గదికీ పళ్లేనికీ ఉన్న భేదం ఇది. మంచంలో సగం ఇచ్చినవాడు తన నిద్రలో సగం ఇచ్చాడు. గదిలోని రెండోవాడు ఒప్పుకుంటే ఆ దానం సంపూర్ణమే. పళ్లెం అలా కాదు. అక్కడ ఇచ్చేది ఇన్నూరుమందిది, పేరు ఒక్కడిది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన సామెత ఇంతకన్నా తగిన చోటు వెదకినా దొరకదు.

దీనికి హాస్టళ్లలో ఒక సమాధానం వినిపిస్తుంది. తేలికగా త్రోసివేయదగినది కాదు. ఈ ఏడాది ఇతని స్నేహితుడు తింటాడు, వచ్చే ఏడాది అతని తమ్ముడు తింటాడు. చివరికి లెక్క సరిపోతుంది. ఇది వ్రాతలేని చీటీ వంటిది అంటారు. వాదంలో బలం ఉంది. పల్లెల్లో బదులు కూలి సాగింది ఈ నమ్మకం మీదే. అయితే చీటీలో చేరినవాడికి తాను చేరానని తెలుసు. మెస్‌లో ఎవరినీ వెంట తీసుకురానివాళ్లు ఎందరో ఉంటారు. నగరంలో తనవారంటూ లేనివాడు, అడగడానికి బిడియపడేవాడు, ఆ ఊరినుంచి విశ్వవిద్యాలయం దాకా వచ్చిన మొదటివాడు. వీరు ప్రతి నెలా కడతారు. వీరి వంతు ఎన్నడూ రాదు. గేటు వేళల కట్టడి ఉండే మహిళా వసతి గృహాల్లో ఈ చీటీ పాడుకొనే అవకాశమే తక్కువ.

ఇక అబద్ధం సంగతి. తనిఖీకి వచ్చిన వార్డెన్ తలుపు తట్టి, "లోపల ఇంకెవరైనా ఉన్నారా?" అంటాడు. "లేరు సార్" అని జవాబు. తలుపు వెనుక ఒకడు ఊపిరి బిగపట్టుకొని ఉంటాడు. మహాభారత కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునునికి చెప్పిన కౌశికుని కథ ఇక్కడ గుర్తుకు వస్తుంది. సత్యవ్రతుడైన ఆ తాపసి, ప్రాణభయంతో పారిపోయినవారు ఎక్కడ దాగారో దొంగలకు నిజం చెప్పి నరకానికి పోయాడు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెప్పిన మినహాయింపుల్లో ప్రాణం, విత్తం, మానం భంగపడే సందర్భాలూ ఉన్నాయి. బలి ఆ వెసులుబాటును స్వీకరించకపోవడం వేరే విషయం. వార్డెన్ దొంగ కాడు, నాన్ బోర్డరుకు ప్రాణభయమూ లేదు. అయినా బిచాణా మెట్లమీదికి విసిరివేయించుకొన్నవాడికి మానభంగం కలగలేదని చెప్పడం కష్టం. పైగా వార్డెన్‌కు చాలాసార్లు సంగతి తెలుసు. అతని ప్రశ్న కూడా సగం ఆచారం. కనుక ఆ అబద్ధం బరువు కొంత తక్కువే. బరువైనది మరొకటి ఉంది: మెస్‌లో ఊరికి వెళ్లిన మిత్రుని వంతు తనదని చెప్పి పళ్లెం పట్టినప్పుడు, పక్కన కూర్చున్నవాడి దగ్గర పాటించే మౌనం. వార్డెన్‌కు అధికారం ఉంది. పక్కవాడికి ఆ 105 రూపాయలు తప్ప ఏమీ లేదు.

విద్యార్థుల నడవడిని ఇంత నిశితంగా తూచినప్పుడు సంస్థను తూచకుండా విడిచిపెట్టడం న్యాయం కాదు. గ్రామాలనుంచి హైదరాబాదుకు చదువుకోసం వచ్చినవాడికి తలదాచుకొనే చోటే మొదటి సమస్య అని పెద్దలు ఎప్పుడో గుర్తించారు. 1918లో వెలసిన రెడ్డి హాస్టల్ వెనుక ఉన్నది ఆ గుర్తింపే. అటువంటివి ఒక్కొక్క కులం తన పిల్లలకోసం కట్టుకొన్న నీడలు. అందరికీ నీడ కల్పించడం విశ్వవిద్యాలయం వంతు. సీట్లు పెంచి గదులు పెంచనప్పుడు ఆ లోటును పూడ్చేది ఎవరు? మంచంలో సగం ఇచ్చిన విద్యార్థి. నాన్ బోర్డరు లెక్కకు రాడు కనుక గదుల కొరత కూడా లెక్కకు రాదు. అతన్ని అప్పుడప్పుడు తనిఖీల్లో వెళ్లగొట్టే పాలనాయంత్రాంగమే మిగిలిన రోజుల్లో అతడు దాగి ఉండడంవల్ల లాభపడుతున్నది.

తలుపు బాహాటంగా తెరిచిన ఉదాహరణ ఇదే ప్రాంగణపు చరిత్రలో ఉంది. 1938లో వసతి గృహంలో వందేమాతరం పాడరాదన్న నిషేధాన్ని ధిక్కరించిన ఉస్మానియా విద్యార్థులు బహిష్కృతులయ్యారు. వారిలో అనేకులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకొంది. నిజాం ప్రభుత్వానికి అది రుచించేది కాదని తెలిసీ, పేర్లు రిజిస్టరులో వ్రాసుకొని చేర్చుకొంది. ఆశ్రయమిచ్చినవారు తమ అధికారంలో ఉన్నదాన్నే ఇచ్చారు. పుచ్చుకొన్నవారు తమ పేరుతోనే తరగతిలో కూర్చున్నారు.

నాన్ బోర్డరుకు లేనిది ఆ పేరే. ఈ చర్చ అంతటిలో అతని మాట ఎవరూ అడగరు. అతడు మెస్‌కు రద్దీ తగ్గాక వెళతాడు. రెండోసారి పెరుగు అడగడు. గదిలో ఎవరికైనా చిరాకు కలిగిన రోజున తనవల్లనేమోనని గ్రంథాలయం మూసేవరకు అక్కడే ఉంటాడు. "అన్నా, కూర్చో" అని పిలిచే చిన్నవాళ్ల ఎదుట అతనికి గౌరవానికి లోటు లేదు. అయినా గదిలో దీపం ఆర్పమని అనే హక్కు మాత్రం అతనికి లేదు. దయ పుచ్చుకొంటూ ఏళ్లు గడపడం మనిషిని ఏం చేస్తుందో ఇచ్చేవాడికి తెలిసే అవకాశం తక్కువ.

మెస్‌లలో గెస్ట్ ఖాతా అనే పద్ధతి కొత్తది కాదు. తీసుకువచ్చినవాడి పేరు క్రింద అతిథి భోజనాన్ని వ్రాసి, నెలాఖరున అతని బిల్లులో కలుపుతారు. ఇద్దరు మిత్రులు ఆ మొత్తాన్ని పంచుకోవచ్చు. స్తోమత లేకపోతే మెస్ కమిటీ సమావేశంలో ఆ మాట చెప్పి, ఇన్నూరుమంది సమ్మతితో పదిమందికి పెట్టవచ్చు. అటువంటి ప్రశ్నకు విద్యార్థులు కాదంటారని అనుకోవడానికి కారణమేమీ లేదు, అడిగినవారే తక్కువ. అయితే గెస్ట్ ఖాతాలో ఎక్కిన పేరు మరుసటి వారం తనిఖీ జాబితాగా మారే చోట ఎవరూ పేరు వ్రాయించరు. తినేవాళ్ల పేర్లను ఖాళీ చేయించేందుకు వాడబోమని ముందుగా విశ్వవిద్యాలయం లిఖితపూర్వకంగా చెప్పాలి, గది కావలసినవాళ్ల జాబితాగానే వాటిని చదువుకోవాలి. అంతవరకు పప్పుచారు పలచబడుతూనే ఉంటుంది, తలుపు వెనుక మనిషి ఊపిరి బిగపట్టుకొనే ఉంటాడు.