తెగని పొర

కణం అనగానే అందరి చూపూ కేంద్రకం మీదికే పోతుంది. డీఎన్‌ఏ, జన్యువులు, తాతగారి ముక్కు మనవడికి రావడం, కబుర్లన్నీ అక్కడివే. నన్ను మాత్రం కణం చుట్టూ ఉండే పొర వదలదు. మందం మహా అయితే 10 నానోమీటర్లు. అలాంటివి లక్ష పేరిస్తే గానీ ఒక మిల్లీమీటరు కాదు.

1925లో హాలండ్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల కొవ్వును అసిటోన్‌తో లాగి, నీటి మీద ఒక్క అణువు మందాన పరిచారు. అది కణాల ఉపరితలానికి రెట్టింపు మేర పరుచుకుంది. అంటే పొరలో కొవ్వు రెండు వరసలుగా ఉందన్నమాట. తమాషా ఏమిటంటే, అసిటోన్ కొవ్వంతా లాగలేదు, కణాల వైశాల్యాన్నీ వాళ్లు తక్కువే లెక్కగట్టారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు సరిగ్గా వచ్చింది! అదే ఏడు అమెరికాలో, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, నీలిరంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. పొరలోని కొవ్వు అణువుల్లో చాలా వాటికి తల అనే కొసన ఫాస్ఫేటు ఉంటుంది కనక, తర్వాత వాటిని కొలవడానికీ ఆ పద్ధతి పనికొచ్చింది.

ఈ వరసల్ని పేర్చే మేస్త్రీ ఎవరూ లేరు. కొవ్వు అణువుల తలలకు నీరు కావాలి, రెండో కొసన ఉండే తోకలకు నీరు గిట్టదు. ఆ తగువులోంచే పొర ఏర్పడి, అంచన్నది మిగలకుండా మూసుకుంటుంది. అలాగని గట్టిగా నిలిచి ఉంటుందా అంటే అదీ లేదు. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే శాస్త్రవేత్తలు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ ఒకటిగా కలిపి, రెండింటి ప్రోటీన్లకూ వేరువేరు రంగులు అంటించారు. చెరో సగంలో ఉన్న రంగులు 40 నిమిషాల్లో కలగలిసిపోయాయి. మనం తినే నూనెను బట్టి కూడా పొరలోని కొవ్వులు కొంత మారుతుంటాయి.

ఇంత నిలకడలేని దాంట్లో ఒకటి మాత్రం తెగలేదు. డీఎన్‌ఏకు కణం నకలు తీస్తుంది, పొరకు నకలు లేదు. కొత్త కొవ్వు వచ్చి చేరేది ఉన్న పొరలోకే. మన కణం చీలేటప్పుడు నడుము దగ్గర నొక్కుకుని రెండవుతుంది, ఆ క్షణంలోనూ చిల్లు పడదు. వీర్యకణం అండంలోకి దూరిందంటాం గానీ, అక్కడా జరిగేది రెండు పొరలు ఒకటవడమే. అండానిది అమ్మ ఇచ్చిన పొర, అమ్మ పుట్టిన అండానిది అమ్మమ్మ ఇచ్చింది. అలా వెనక్కి పోతే ఎక్కడా తెరిపి దొరకదు. 300 కోట్ల ఏళ్లకు పైగా ఈ 'లోపల' మూసే ఉంది. నా లోపల అని నేను మురిసేది నాతో మొదలైంది కాదు. గోత్రాలు ఏడు తరాల దగ్గరే తడబడతాయి, పాపం.

నాకు పిల్లల్లేరు, కాబట్టి నా వైపు ఈ వరస ఆగుతుంది. ఆగితే ఆగనీ. అది అక్క కొడుకులో సాగుతోంది, పెరట్లో వేపచెట్టులో సాగుతోంది, రాత్రి తోడుపెట్టిన పాలలో ఒకటి రెండై, రెండు నాలుగై చీలే బాక్టీరియాలోనూ సాగుతోంది.