గేర్‌బాక్సూ నాగసేనుడి రథమూ

భాగాలు కలిస్తే ఏర్పడే వస్తువు వాటికంటే వేరా, వాటికి లోకం పెట్టుకున్న పేరేనా అన్నది భారతీయ దర్శనాల్లో పాత తగాదా. క్రీ.పూ. 2వ శతాబ్దపు యవనరాజు మిళిందుణ్ణి బౌద్ధ భిక్షువు నాగసేనుడు అడిగింది ఇదే: ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా? ఏదీ కాదు. అన్నీ కలిపినా కాదు. వాటిని ఆధారం చేసుకుని పుట్టిన వ్యవహారమే రథమని ‘మిళిందపన్హ’లో తేలుతుంది.

ఆ వాదాన్ని పరీక్షించడానికి ఇప్పుడు రథంకంటే గేర్‌బాక్సు మేలు. ఆకివీడు, కైకలూరు వైపు నుంచి ఐసులో సర్దిన చేపలతో కోల్‌కతా దారి పట్టే లారీ కదలాలంటే చక్రానికి ముందు బలం కావాలి, 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక వేగం కావాలి. ఇంజిన్ ఒక పరిమితిలోనే బాగా లాగుతుంది కనుక మధ్యలో గేర్లు పెట్టారు. 20 పళ్ల చక్రం 60 పళ్ల చక్రాన్ని తిప్పితే వేగం మూడో వంతుకు తగ్గి, తిప్పే బలం మూడింతలవుతుంది, రాపిడికి పోయింది పోగా. ఈ మూడింతలు చిన్న చక్రంలోనూ లేదు, పెద్ద చక్రంలోనూ లేదు. రెండూ కలిసినప్పుడే ఉంటుంది.

గేరు వేయడమంటే పళ్లను పళ్లలోకి దూర్చడమని చాలామంది అనుకుంటారు. నేటి బళ్లలో ముందుకు నడిపే గేర్లు ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. రాడ్డు లాగితే లోపల ఒక స్లీవు జరిగి, కావలసిన గేరును షాఫ్టుకు బిగిస్తుంది. మిగతావి ఊరికే తిరుగుతుంటాయి. చాలా బళ్లలో స్లీవు పట్టుకునేముందు సింక్రో రింగు రాపిడితో గేరు, షాఫ్టు రెండింటి వేగాన్నీ సమం చేస్తుంది.

గేరు పడటం లేదని బండి షెడ్డుకు వస్తే చాలాసార్లు తప్పు బాక్సులో ఉండదు. క్లచ్ పూర్తిగా విడవకపోవడమే కారణం. ఒక్క గేరు దగ్గరే గరగరమంటే దాని సింక్రో రింగును అనుమానించాలి. న్యూట్రల్‌లో వచ్చే మోత క్లచ్ తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు, తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగు. ఇంజిన్ అరుస్తున్నా బండి లాగకపోతే క్లచ్ ప్లేటు అరిగి జారుతోందన్నమాట. వేసిన గేరు దానంతటదే న్యూట్రల్‌కు వచ్చేయడం మాత్రం తాత్వికుడికి పనికొచ్చే జబ్బు. స్లీవు పట్టే పళ్లు గుండ్రబడినా, స్లీవును జరిపే ఫోర్కు అరిగినా, లాక్ స్ప్రింగు బలం తగ్గినా, బేరింగు వదులైనా ఇదే జరుగుతుంది. ఒక్కోదానిలో అరుగుదల స్వల్పమే అయినా అన్నీ కూడి గేరును జార్చగలవు. అప్పుడు దోషం ఫలానా భాగానిదని వేలుపెట్టి చూపడం కష్టం.

వస్తువు వట్టి వ్యవహారమేనన్న నాగసేనుడి మాటను నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, ఒప్పుకోరు. అవయవాలకంటే, అంటే భాగాలకంటే, వేరుగా అవయవి అనే మొత్తం వస్తువు ఉందంటారు. విప్పి గోనెపట్టా మీద పరచిన గేర్లు లారీని లాగవు, అవే బాక్సులో బిగిస్తే లాగుతాయి; వస్తువు వట్టి పేరే అయితే ఈ శక్తి ఎక్కడిది? ఆక్షేపణ బలమైనదే. కాని ఒక్క అవయవం మారినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందని కూడా వారి సిద్ధాంతం. ఆ లెక్కన బేరింగు మార్చిన ప్రతిసారీ కొత్త గేర్‌బాక్సు వచ్చిందనాలి. బౌద్ధుల ప్రతీత్యసముత్పాదానికి ఈ చిక్కు లేదు: కారణాలు కూడినప్పుడు కార్యం పుడుతుంది, విడిపోతే పోతుంది. వ్యవహారం అన్నంత మాత్రాన అబద్ధమని కాదు, లారీ నిజంగానే కదులుతుంది.

నాగసేనుడి అసలు గురి రథం కాదు, ‘నేను’ అనే భావన. కఠోపనిషత్తు అదే రథంలో ఆత్మను రథికుడిగా కూర్చోబెట్టింది. ఆ వివాదంలో గేర్‌బాక్సు సాక్ష్యం చెల్లదు. అది రథం గురించి చెప్పగలదు గాని, రథికుడి గురించి కాదు.

రవాణా శాఖ మాత్రం ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రాసుకుంటుంది. గేర్‌బాక్సు మొత్తం మార్చినా కాగితం మీద లారీ పాతదే.